ఇరవై మూడు కిలోలు

సూట్‌కేసు పిడి పట్టుకోగానే తెలుస్తుంది నాకు.
కాటా మీది ఎర్ర అంకెలు ఇంకా తడబడుతుండగానే
"ఇరవై ఆరున్నర" అంటాను.
ప్రయాణికులు నవ్వుతారు, కాటా ఒప్పుకుంటుంది.
నౌరు విమానాశ్రయం, రెండో కౌంటరు,
దాని వెనక నేను, ఐవీన్ అగిగో,
ఎడమ మోకాలికి నీలం పట్టీ.

మా దీవిని కారులో చుట్టిరావడానికి అరగంట చాలు.
మధ్యలో అంతా తవ్వేసిన నేల,
ముసలి దవడలో పళ్లలా మిగిలిన రాతి మొనలు.
మట్టి ఓడలెక్కి పోయి
ఎవరి పొలాల్లోనో గోధుమై మొలిచింది.
తాతకు డబ్బొచ్చింది, వచ్చిన దారినే పోయింది,
ఆయన కొన్న పడవంత కారు
పెరట్లో తుప్పుపట్టి కోళ్లకు ఇల్లయింది.
దాని ఇరుసే నా మొదటి బార్.
రెండు చివర్లా సిమెంటు పోసిన పాలడబ్బాలు,
కుడివైపుది కాస్త ఎక్కువ.
అందుకే ఇప్పటికీ
నా కుడి భుజం కొంచెం కిందికి చూస్తుంది.

కోచ్ హీరమ్ ఎక్కువ మాట్లాడడు.
"బార్‌ను లాగకు. నేలను తొయ్యి."
అంతే ఆయన విద్య మొత్తం.
పద్నాలుగేళ్ల పిల్లను,
ఉన్నదే ఇంత నేల,
దాన్నీ తొయ్యమంటాడేమిటి అనుకునేదాన్ని.

సువాలో కంచు.
ఆపియాలో వెండి. ఆ వారమే పెళ్లి కుదిరింది,
ఆ వారమే తప్పిపోయింది కూడా.
అల్మాటీలో రెండువందల గ్రాములు ఎక్కువ తూగాను.
ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుని మెట్లెక్కాను, దిగాను,
గ్లాసులోకి ఉమ్మాను, ఉమ్మి ఎండిపోయాక
హోటల్ స్నానాలగదిలో
వంటగది నుంచి అడిగి తెచ్చిన కత్తెరతో
హీరమ్ నా జడ కోశాడు.
నడుము దాటి ఉండేది.
అమ్మ రాసిన కొబ్బరినూనె ఇంకా దాన్లోనే ఉంది.
డెబ్బై అయిదు. సరిగ్గా.
ఆ సాయంత్రం స్నాచ్ మూడుసార్లూ ఎత్తలేకపోయాను,
మూడుసార్లూ మూడేసి ఎర్రదీపాలు.
జడను పాలిథిన్ కవర్లో ఇంటికి తెచ్చాను.
అమ్మ దాన్ని అరచేతిలో తూచి చూసి
ఏమీ అనలేదు.

పరీక్షకు సీసా నింపేటప్పుడు
ఎదురుగా కూర్చుని రెప్పవేయని ఆ పోలండు ఆవిడ,
నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి
నా బతుకులో ఇంకొకరు లేరు.

ఒక్కటి మాత్రం చెప్పాలి.
బుసాన్‌లో, క్లీన్ అండ్ జెర్క్, నూటముప్ఫై ఒకటి.
తల మీద బార్ రెండు చివరలూ వంగి,
వణికి, ఆగాయి.
పోయిన మా మట్టంతా తిరిగొచ్చి
నా చేతుల మీద నిలబడినట్టుంది
అని విలేఖరికి చెప్పాను. అచ్చేశాడు.
అబద్ధం.
నాకు గుర్తున్నది చెవిలో దురద,
గోక్కోవడానికి చెయ్యి ఖాళీ లేకపోవడం.
మూడు తెల్లదీపాలు.
తొమ్మిదో స్థానం.
తొమ్మిదో స్థానానికి ఎవరూ లేచి నిలబడరు.

ఇవాళ పొద్దున బ్రిస్బేన్ విమానానికి
చక్రాల కుర్చీలో హీరమ్ వచ్చాడు.
చక్కెర జబ్బు ఒక కాలు తీసుకుంది,
రెండోది చూపించుకోవడానికి పోతున్నాడు.
ఒడిలో ఒకే సంచి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.
నేను అందుకున్నాను. ఇరవై ఎనిమిది.
అడుగున ఏదో గుండ్రంగా, చల్లగా,
అంచు గీతలు గుడ్డలోంచే తగిలాయి,
అయిదు కిలోల పళ్లెం.
ఆసుపత్రికి ఎందుకని అడగలేదు.

వరసలో వెనక పదిమంది,
పక్కన కొత్త మేనేజరు, కళ్లద్దాలు.
సంచిని కాటా మీద పెట్టాను గానీ
పూర్తిగా వదల్లేదు.
బొటనవేలి మీదుగా రెండు వేళ్లు మడిచి
పిడిని ఎవరికీ తెలియనంత పైకి పట్టుకున్నాను.
ఎర్ర అంకెలు తడబడి, దిగి, నిలిచాయి.
ఇరవై మూడు.

హీరమ్ కిటికీలోంచి రన్‌వే వైపు చూస్తున్నాడు.
అటే చూస్తూ, మెల్లగా,
"వీపు వంచకు" అన్నాడు.